టెక్ సందేహాలు: ఒక్క ఫోన్ మీద నాలుగు ఊళ్ల ప్రయాణం

మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కు స్నేహితులతో కలిసి స్పెయిన్ వెళ్తున్నామని, మాడ్రిడ్, బార్సిలోనా, సెవిల్లె, గ్రనాడా చూసి రావాలనుకుంటున్నామని అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు కొందరు రాశారు. ఒక తల్లి కూడా రాశారు. ఎవరి సందేహం వారిదే అయినా, అన్నింటినీ చదివాక నాకు పట్టుకున్న దిగులు ఒక్కటే. దారి చూపే మ్యాపు, రైలు టికెట్టు, బ్యాంకు డబ్బు, యూనివర్సిటీ లాగిన్, ఇంటివాళ్లతో మాట, ఇవన్నీ ఇప్పుడు జేబులోని ఒకే ఫోన్‌లో ఉన్నాయి. ఆ ఫోన్ ఒక పూట పనిచేయకపోయినా ప్రయాణం సాగిపోయేలా బయల్దేరక ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. ఈ వారం జవాబులన్నీ దాని గురించే.

ప్రశ్న: నా ఐఫోన్ అమెరికాలో కొన్నది, అందులో సిమ్ పెట్టుకునే చోటే లేదు. స్పెయిన్‌లో నెట్ ఎలా వాడుకోవాలి? మన దేశపు బ్యాంకు కార్డుకు ఓటీపీ వస్తుందా? (డాలస్ నుంచి ఒక విద్యార్థి)

అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022లో వచ్చిన 14వ మోడల్ నుంచి సిమ్ ట్రే లేదు కాబట్టి మీకు ఈ-సిమ్, అంటే కార్డు లేకుండా నెట్ ద్వారా ఫోన్‌లోకి ఎక్కించుకునే సిమ్, తప్పనిసరి. అయితే కొనేముందు ఫోన్ లాక్ అయి ఉందో లేదో చూసుకోండి. వాయిదాల మీద తీసుకున్న ఫోన్లను బాకీ తీరేవరకూ నెట్‌వర్క్ సంస్థలు సాధారణంగా తమ సర్వీసుకే కట్టి ఉంచుతాయి. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కిందికి వెళ్తే 'క్యారియర్ లాక్' అన్న వరుస కనిపిస్తుంది. దాని దగ్గర 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటేనే వేరే సంస్థ ఈ-సిమ్ పనిచేస్తుంది. అలా లేకపోతే కొన్న ఈ-సిమ్ డబ్బు దండగే.

ఈ-సిమ్‌ను విమానాశ్రయంలో దిగాక హడావిడిగా కాకుండా, ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఎక్కించుకోండి. ఫోన్ అప్పుడు రెండు లైన్లు చూపిస్తుంది. వాటికి 'ఇల్లు', 'స్పెయిన్' అని మీరే పేర్లు పెట్టుకుంటే తికమక ఉండదు. మొబైల్ డేటాకు 'స్పెయిన్' లైన్ ఎంచుకుని, దానికి మాత్రమే డేటా రోమింగ్ ఆన్ చేయండి. 'ఇల్లు' లైన్‌ను ఆఫ్ చేయకుండా, దాని డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. అప్పుడు దానికి ఎస్ఎంఎస్‌లు వస్తాయి కానీ డేటా బిల్లు పడదు. 'అలో సెల్యులర్ డేటా స్విచింగ్' అన్న మీట కూడా ఆపాలి. లేకపోతే సిగ్నల్ తగ్గిన చోట ఫోన్ తనంతట తానే ఇంటి లైన్ మీదికి మారి డేటా వాడేస్తుంది. వాట్సాప్ ఎప్పుడైనా నంబరు మార్చమంటారా అని అడిగితే పాత నంబరే ఉంచుకోండి.

ఓటీపీ సంగతి. మన దేశంలో 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులకు విదేశీ వాడకం ముందే తెరిచి ఉండదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం దాన్ని మీరే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. బ్యాంకుకు ఇచ్చిన భారతీయ నంబరు మీ దగ్గరున్న ఏదో ఒక ఫోన్‌లో ఉండి, దానికి అంతర్జాతీయ రోమింగ్ తెరిచి ఉంటేనే ఓటీపీ అందుతుంది. బయల్దేరడానికి వారం ముందు అదే కార్డుతో ఆన్‌లైన్‌లో చిన్న వస్తువు ఏదైనా కొని, ఓటీపీ వస్తోందో లేదో పరీక్షించండి. మాడ్రిడ్ అటోచా స్టేషన్‌లో రైలు టికెట్ కోసం నిలబడి పరీక్షించడం కంటే అది మేలు. ఇంకొక మాట: ఏటీఎం గానీ దుకాణంలోని యంత్రం గానీ 'డాలర్లలోనా, యూరోలలోనా' అని అడిగితే యూరోలనే ఎంచుకోండి. డాలర్లు ఎంచుకుంటే మారకం రేటును ఆ యంత్రం వాళ్లే నిర్ణయిస్తారు, అది దాదాపు ఎప్పుడూ మీకు నష్టమే.

మీ బృందంలో జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదివే స్నేహితులు ఎవరైనా కలుస్తుంటే వారి సిమ్ స్పెయిన్‌లోనూ అదనపు ఛార్జీ లేకుండా పనిచేస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి రోమింగ్ ఛార్జీలు తీసేశారు. ప్లాన్‌ను బట్టి డేటాకు ఒక పరిమితి ఉండవచ్చు గానీ, మీ ఈ-సిమ్ మొరాయించిన రోజున వారి హాట్‌స్పాట్ అక్కరకు వస్తుంది.

ప్రశ్న: బార్సిలోనా మెట్రోలో, లా రాంబ్లా వీధిలో ఫోన్లు కొట్టేస్తారని సీనియర్లు భయపెడుతున్నారు. పోతే ఏం చేయాలి? ముందే ఏం చేసుకోవాలి? (అట్లాంటా నుంచి ఒక విద్యార్థిని)

సీనియర్లు చెప్పింది నిజమే. ఆ నగరంలో జేబుదొంగతనాలు ఎక్కువ. మా అక్క కూతురు అక్కడ కాఫీ తాగుతూ ఫోన్‌ను బల్ల మీద పెట్టింది. ఒకతను వచ్చి ఏదో కాగితం చూపిస్తూ ఆ కాగితాన్ని ఫోన్ మీద పరిచి, తీసేటప్పుడు రెండూ కలిపి తీసుకుపోయాడు. ఆ తర్వాతి రెండు గంటలు ఆమె పడిన అవస్థ విన్నాకే నాకు ఒక విషయం అర్థమైంది. అసలు కష్టం ఫోన్ పోవడంలో కంటే, పోయిన ఫోన్ సాయం లేకుండా తన ఖాతాలోకి తానే వెళ్లలేకపోవడంలో ఉంది. స్నేహితురాలి ఫోన్‌లో గూగుల్ ఖాతా తెరవబోతే, 'మీ ఫోన్‌కు కోడ్ పంపాం' అని వచ్చింది. ఆ ఫోన్ అప్పటికే దొంగ చేతిలో ఉంది.

దీనికి మందు బ్యాకప్ కోడ్లు. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ భాగంలోని టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డు తర్వాత మరో కోడ్ అడిగే ఏర్పాటు) కింద అడిగితే ఎనిమిదేసి అంకెలున్న పది కోడ్లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఒక్కసారి పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టు సంచిలో పెట్టుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి దాచుకుంటే, ఫోన్‌తో పాటే అవీ పోతాయి. పోయిన ఐఫోన్‌ను వెతికి లాక్ చేసే ఆపిల్ వారి 'ఫైండ్ మై'లో మాత్రం ఈ చిక్కు లేదు. స్నేహితుల ఫోన్‌లో ఐక్లౌడ్ సైటులోని ఫైండ్ పేజీకి వెళ్తే ఆపిల్ ఖాతా పేరు, పాస్‌వర్డు ఉంటే చాలు, కోడ్ అవసరం లేదు. అందుకే ఆ పాస్‌వర్డు మీకు నోటికి వచ్చి ఉండాలి.

రెండో ముందుజాగ్రత్త సిమ్ పిన్. చాలామంది దీన్ని పట్టించుకోరు. మామూలు సిమ్‌ను దొంగ బయటికి తీసి వేరే ఫోన్‌లో వేస్తే, మీ స్క్రీన్ లాక్ ఎంత గట్టిదైనా ఓటీపీలు అతనికే వెళ్తాయి. సిమ్ పిన్ పెడితే కొత్త ఫోన్‌లో అది నాలుగంకెల కోడ్ అడుగుతుంది. అయితే మొదటిసారి పెట్టేటప్పుడు పాత పిన్ ఏమిటో మీ నెట్‌వర్క్ సంస్థను అడిగే పెట్టండి. ఊహించి మూడుసార్లు తప్పు కొడితే సిమ్ మూసుకుపోతుంది, తెరవడానికి సంస్థ ఇచ్చే పీయూకే కోడ్ కావాలి. ఈ పనిని ఇంటి దగ్గరే ముగించండి.

ఐఫోన్‌లో ఐఓఎస్ 17.3తో, అంటే 2024 జనవరిలో 'స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్' వచ్చింది. రద్దీలో మీ పాస్‌కోడ్‌ను వెనక నుంచి చూసి ఆ తర్వాత ఫోన్ లాక్కునే దొంగల కోసమే దాన్ని తెచ్చారు. అది ఆన్‌లో ఉంటే, మీ ఇల్లు, ఆఫీసు వంటి తెలిసిన చోట్లకు దూరంగా ఉన్నప్పుడు పాస్‌కోడ్ తెలిసినవాడు కూడా మీ ఆపిల్ పాస్‌వర్డు మార్చలేడు. ముఖం చూపాలి, గంట ఆగాలి, మళ్లీ ముఖం చూపాలి. ఆండ్రాయిడ్ 10, ఆపై ఫోన్లలో సెట్టింగ్స్‌లోని గూగుల్ విభాగంలో 'థెఫ్ట్ ప్రొటెక్షన్' ఉంటుంది. 'థెఫ్ట్ డిటెక్షన్ లాక్' ఆన్ చేస్తే చేతిలోంచి ఫోన్ గుంజుకుని పరుగెత్తిన కదలికను పసిగట్టి తెర మూసేస్తుంది. అక్కడే 'రిమోట్ లాక్' కూడా ఆన్ చేసుకుంటే ఎవరి ఫోన్‌లోనైనా గూగుల్ వారి android.com/lock పేజీ తెరిచి, మీ నంబరు కొట్టి లాక్ చేయవచ్చు. ఈ మీటలు మీ ఫోన్‌లో ఆన్‌లో ఉన్నాయో లేదో తెరిచి చూసి నిర్ధారించుకోండి.

ఇక పోయిన తర్వాత చేయవలసిన పనులు. మొదట స్నేహితుల ఫోన్ నుంచి, ఐఫోన్ అయితే ఫైండ్ పేజీలో 'లాస్ట్' అని గుర్తు పెట్టి, ఆండ్రాయిడ్ అయితే రిమోట్ లాక్‌తో లాక్ చేయండి, తర్వాత కార్డులు ఆపించండి, ఆ తర్వాత నెట్‌వర్క్ సంస్థకు చెప్పి సిమ్ ఆపించండి. ఐఫోన్‌ను మీ ఖాతా నుంచి మాత్రం తీసేయకండి. అది తీసేస్తే దొంగ దాన్ని కొత్త ఫోన్‌లా అమ్ముకోగలడు. కొన్ని రోజులకు 'మీ ఫోన్ దొరికింది, ఇక్కడ నొక్కండి' అని లింకుతో మెసేజ్ వస్తే అది మీ పాస్‌వర్డు కోసం వేసిన వలే. బీమా ఉంటే పోలీసు ఫిర్యాదు పత్రం కావాలి, స్పెయిన్‌లో దాన్ని 'దెనున్సియా' అంటారు. బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు పోలీసుల పేరు మోసోస్ దెస్క్వాద్రా, వారి స్టేషన్లో ఇది రాయించుకోవచ్చు. అక్కడ ఐఎంఈఐ, అంటే ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య, అడుగుతారు కాబట్టి, ఈరోజే స్టార్, హ్యాష్, 06, హ్యాష్ కొట్టి వచ్చిన 15 అంకెలను బ్యాకప్ కోడ్లున్న కాగితం మీదే రాసుకోండి. ప్రాణాపాయమైతే నంబరు 112.

టికెట్లనూ ఒక్కరి ఫోన్‌లోనే ఉంచకండి. అందరి పీడీఎఫ్‌లూ కనీసం ఇద్దరి ఫోన్లలో, నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఉండాలి. గ్రనాడాలోని అల్‌హంబ్రా కోట టికెట్టు మీద పేరు, పాస్‌పోర్టు సంఖ్య ఉంటాయి, లోపల అసలు పాస్‌పోర్టుతో సరిచూస్తారు. అక్కడి నస్రిద్ రాజభవనాలకు ఇచ్చిన సమయం దాటితే లోపలికి పంపరు. ఆ గేటు ముందు నిలబడి ఈమెయిల్ కోసం సిగ్నల్ వెతుక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. మ్యాపులు కూడా నాలుగు నగరాలవీ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. గూగుల్ మ్యాప్స్ నెట్ లేనప్పుడు నడక దారి, మెట్రో దారి చెప్పదు. మీరెక్కడున్నారో చూపే నీలం చుక్క మాత్రం కనిపిస్తుంది, వీధి పేర్లు చదువుకుని వెళ్లడానికి అది చాలు. అనువాద యాప్‌లో స్పానిష్‌తో పాటు కాటలాన్ భాష కూడా దించుకోండి. మాడ్రిడ్ మెట్రోలో బయటికి దారి 'సలీదా' అయితే, బార్సిలోనా బోర్డుల మీద అదే 'సుర్తీదా'.

ప్రశ్న: మా గదిలో వాడే చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లవచ్చా? అడాప్టర్ ఉంటే సరిపోతుందా? (హ్యూస్టన్ నుంచి)

వద్దండీ. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. అమెరికాలో కొన్న కుక్కర్ 120 వోల్టులకు చేసింది, స్పెయిన్‌లో వచ్చేది 230. వోల్టేజి దాదాపు రెండింతలైతే వేడి పుట్టే వేగం మూడున్నర రెట్లు దాటుతుంది. 300 వాట్ల కుక్కర్ 1,100 వాట్లు లాగడానికి ప్రయత్నించి, అన్నం ఉడికేలోపే మాడిపోతుంది, హాస్టల్ గదిలో నిప్పు కూడా అంటుకోవచ్చు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్లకూ ఇదే వర్తిస్తుంది. అమెరికా పవర్ స్ట్రిప్ కూడా వద్దు. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద సన్నని అక్షరాల్లో '100-240' అని ఉంటుంది, అవి నిశ్చింతగా వాడవచ్చు. అక్కడి సాకెట్టు గుండ్రని గుంటలా లోపలికి ఉంటుంది కాబట్టి చతురస్రపు పెద్ద అడాప్టర్లు అందులో కూర్చోవు. మన దేశం నుంచి తెచ్చుకున్న రెండు సన్నని గుండ్రటి పిన్నుల ఛార్జర్ అయితే నేరుగా పడుతుంది. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు, 100 లోపే కాబట్టి విమానంలో సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ప్రశ్న: హాస్టల్ వాళ్లు అందరి పాస్‌పోర్టుల ఫొటోలూ వాట్సాప్‌లో పంపమంటున్నారు. పంపవచ్చా?

వివరాలు అడగడం న్యాయమే. 2024 డిసెంబరు 2 నుంచి స్పెయిన్‌లో బస ఇచ్చేవారు అతిథుల వివరాలు మునుపటికంటే ఎక్కువగా సేకరించి ప్రభుత్వానికి పంపాలి. కానీ గుర్తింపు పత్రం నకలు తీసుకోవడం అవసరానికి మించిన పని అని ఆ దేశపు డేటా రక్షణ సంస్థే 2025లో చెప్పింది. కాబట్టి వివరాలు బుకింగ్ సైటులో నింపండి, పాస్‌పోర్టును కౌంటర్ దగ్గర చూపండి. వాట్సాప్‌లో అడిగిన నంబరు నిజంగా ఆ హాస్టల్‌దేనా అన్నది ముందు వారి సొంత సైటులో చూసి, ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రశ్న: సెలవుల్లోనే ఒక అసైన్‌మెంట్ గడువు ఉంది, రాత్రి 11:59కి. అక్కడ ఎన్ని గంటలకు? (డాలస్ విద్యార్థే)

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, ఎందుకంటే సరిగ్గా స్ప్రింగ్ బ్రేక్ రోజుల్లోనే లెక్క తప్పుతుంది. అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుగుతాయి, యూరప్‌లో అది మార్చి చివరి ఆదివారం. 2026లో అవి మార్చి 8, మార్చి 29. మధ్యలోని మూడు వారాలు డాలస్‌కూ మాడ్రిడ్‌కూ ఏడు గంటల తేడా బదులు ఆరే ఉంటుంది. మీ గడువు స్పెయిన్‌లో మరునాటి ఉదయం 6:59కి అనుకుంటే గంట ఆలస్యమైనట్టే, అది 5:59కే ముగుస్తుంది. యూనివర్సిటీ లాగిన్ ఫోన్‌కు నోటిఫికేషన్ పంపే పద్ధతిలో ఉంటే, ఆ యాప్ నెట్ లేకుండా చూపించే కోడ్‌తోనూ లాగిన్ అవుతుందేమో బయల్దేరే ముందు ఒకసారి ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పరీక్షించండి.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులతో స్పెయిన్ వెళ్తున్నాడు. ఎక్కడున్నాడో నా ఫోన్‌లో చూసుకునే వీలుందా? మాటిమాటికీ ఫోన్ చేస్తే విసుక్కుంటాడు. (గుంటూరు నుంచి ఒక తల్లి)

ఉందమ్మా. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఒకసారి పెడితే ఎక్కువలో ఎక్కువ 8 గంటలే ఉంటుంది, రోజూ గుర్తుపెట్టుకుని పెట్టాలి. దానికంటే గూగుల్ మ్యాప్స్‌లో అబ్బాయి తన ఫొటో మీద నొక్కి, 'లొకేషన్ షేరింగ్'లో మీ జీమెయిల్ ఎంచుకుని, తాను ఆపేదాకా కొనసాగేలా పెట్టి, తిరిగి వచ్చాక ఆపేస్తే సరిపోతుంది. అతని ఇష్టంతోనే అతనే పెట్టాలి. మీకు మరో మనవి. చుక్క కదలకపోయినా, కనిపించకపోయినా వెంటనే కంగారు పడకండి. మెట్రో సొరంగంలోనో, ఛార్జింగ్ అయిపోయో ఉండవచ్చు. వెంట వెళ్తున్న ఇద్దరు స్నేహితుల నంబర్లు కూడా మీ దగ్గర రాసి ఉంచుకోండి. మార్చి చివరి ఆదివారం దాకా వారి గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. మీరు రాత్రి పదిన్నరకు పడుకునేముందు చేస్తే అక్కడ సాయంత్రం ఆరు గంటలు, వాళ్లు అప్పటికి గదికి చేరి కాళ్లు కడుక్కుంటూ ఉంటారు, తీరికగా మాట్లాడతారు.