వాల్వ్ మార్చినంత మాత్రాన వారంటీ పోకపోవచ్చు, విప్పిన టర్బో స్క్రాప్‌కు పోతే కేసే పోతుంది

ప్రశ్న: లాయర్ గారూ, నాది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) ఉన్న పెట్రోల్ కారు. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బుతో కొన్నాం. ఏడాది తర్వాత బయటి గ్యారేజీలో కంపెనీ వాల్వ్ తీయించి, గాలిని బయటికి వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టించాను. యాక్సిలరేటర్ వదలగానే వచ్చే ఆ ‘ఫుస్’ శబ్దం అంటే నాకు పిచ్చి. మూడు నెలలకు టర్బో కూత పెట్టడం మొదలైంది, వెనక నీలం పొగ. అంతకుముందు గేరు మార్చినప్పుడు అప్పుడప్పుడు నల్ల పొగ కూడా వచ్చేది. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు టర్బో విప్పి చూసి, ‘వాహనంలో అనధికార మార్పు చేసినందున వారంటీ వర్తించదు’ అని ఒక్క లైను మెయిల్ పంపారు. ఇది జరిగి ఇరవై నెలలు. అప్పటి నుంచి కస్టమర్ కేర్‌కు మెయిళ్లు పెడుతూనే ఉన్నాను. ఇప్పుడేమో బండి తీసుకెళ్లకపోతే విప్పిన భాగాలు స్క్రాప్‌కు పంపుతామని నోటీసు ఇచ్చారు. పాత వాల్వ్ నా దగ్గరే ఉంది. అది తిరిగి బిగించేసి, ‘మేము ఏ వాల్వూ పెట్టలేదు’ అని గ్యారేజీ వాళ్లతో రాయించుకుంటే సరిపోతుందని స్నేహితుడు అంటున్నాడు. రెండు సర్వీసు బిల్లులు, వాళ్ల మెయిల్, నా మెయిళ్ల కాపీలు జత చేశాను. నాకు న్యాయం జరిగే దారి చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం వాల్వ్ గురించే ఉంది. మీ కేసు తేలేది అక్కడ కాదు. టర్బో ఎందుకు చెడింది అన్నదే ప్రశ్న. దానికి జవాబు సర్వీస్ సెంటర్‌లో ఏదో అరలో పడి ఉన్న ఆ విప్పిన టర్బోలోనే ఉంది. అది స్క్రాప్‌కు వెళ్లిన రోజున మీ చేతిలో మిగిలేది మెయిళ్లు మాత్రమే. అందుకే ఈ జవాబు చదవడం పూర్తికాకముందే ఒక పని చేయండి. విప్పిన టర్బో, ఆయిల్ పైపులు, ఇప్పుడు బిగించి ఉన్న బ్లో-ఆఫ్ వాల్వ్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), వీటిలో దేన్నీ తీసేయొద్దనీ, ఎవరికీ అప్పగించొద్దనీ, ఇరుపక్షాల సమక్షంలో తనిఖీ జరగాలనీ సర్వీస్ సెంటర్‌కూ తయారీ కంపెనీకీ మెయిల్ పెట్టండి. అదే విషయాన్ని రసీదు వచ్చేలా రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు.

ఇక వాల్వ్ సంగతి. యాక్సిలరేటర్ వదలగానే థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని మూత) మూసుకుంటుంది, టర్బో తోసిన గాలికి ముందుకు దారి ఉండదు. ఆ ఒత్తిడి కంప్రెసర్ (టర్బోలో గాలిని తోసే రెక్కల చక్రం) మీదికి వెనక్కి తిరగకుండా వదిలేయడమే వాల్వ్ పని. చాలా కంపెనీ వాల్వులు ఆ గాలిని మళ్లీ ఇన్‌టేక్ పైపులోకే పంపుతాయి. మీరు పెట్టించింది బయటికి వదిలేస్తుంది. మీ బండిలో గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉంటే, లెక్కలోకి వచ్చిన గాలి బయటికి పోయిందని ఈసీయూకు తెలియదు. ఆ లెక్క ప్రకారమే పెట్రోల్ పోస్తుంది. మీరు చూసిన నల్ల పొగ అదే కావచ్చు. స్పార్క్ ప్లగ్గులు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ చెడితే కంపెనీ వాల్వ్ వైపు వేలు చూపించవచ్చు, ఆ మాట నిలబడొచ్చు కూడా. మీకు చెడింది మాత్రం టర్బో, వచ్చింది నీలం పొగ. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోందని.

ఆయిల్ అందక బేరింగ్ అరిగితే షాఫ్ట్ (టర్బో లోపల తిరిగే ఇరుసు) మీద గీతలు పడతాయి, వేడికి రంగు మారుతుంది. ఏదైనా చిన్న ముక్క లోపలికి పోతే కంప్రెసర్ రెక్కల అంచులు నొక్కుకుపోయి ఉంటాయి. వాల్వ్ స్ప్రింగ్ మరీ గట్టిదై గాలి వెనక్కి కొడుతూ ఉంటే ఆ ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ దెబ్బతినే అవకాశం ఉంది. మూడింటి ఆనవాళ్లు వేరు. తెలిసిన ఇంజనీరు విడిభాగాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే ఏ దారిన చెడిందో చెప్పగలడు. మీకొచ్చిన మెయిల్‌లో ఇందులో ఒక్క మాటైనా ఉందా? ‘మార్పు చేశారు, వర్తించదు’, అంతే. మార్పుకూ నష్టానికీ సంబంధం చూపలేదు. మీ వారంటీ పుస్తకం తీసి మినహాయింపుల పేజీ చదవండి. ‘మార్పు వల్ల కలిగిన నష్టం’ అని ఉందా, ‘ఏ మార్పు చేసినా మొత్తం వారంటీ రద్దు’ అని ఉందా? మొదటిదైతే మీ వాదన బలమైనది. రెండోదైనా పోరాడవచ్చు, కానీ అది ఎదురీతే. మినహాయింపు చూపించి తప్పించుకోవాలనుకునే వాళ్లే దాన్ని రుజువు చేయాలని ఇన్సూరెన్స్ కేసుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. వారంటీకి అది నేరుగా అతకదు గానీ, వినియోగదారుల కమిషన్ ముందు వాదనకు పనికొస్తుంది.

ఇప్పుడు మీకు రుచించని మాట. మీరు జత చేసిన సర్వీసు బిల్లులు రెండే. ఏడాది నిండాక చేయించాల్సిన సర్వీసు బిల్లు ఏది? టర్బో చెడింది ఆ తర్వాతే. ఆయిల్ మార్చకుండా తిప్పి ఉంటే, రేపు తనిఖీలో షాఫ్ట్ మీద గీతలు కనబడిన క్షణంలో కంపెనీ వాల్వ్‌ను వదిలేసి ఆయిల్‌ను పట్టుకుంటుంది. బిల్లు ఉంటే వెతకండి. బయట మార్పించి ఉంటే ఆ బిల్లు, డబ్బు కట్టిన బ్యాంకు వివరం తీయండి. లేకపోతే ఆ సంగతి మీ లాయరుకు మొదటి రోజే చెప్పండి. ‘ఫుస్’ శబ్దం కోసం గ్యారేజీ చుట్టూ తిరిగిన మనిషికి ఆయిల్ మార్పించుకునే తీరిక దొరకలేదంటే కమిషన్ సభ్యులకు జాలి కలగదు.

దీంట్లో మీకు అనుకూలమైన విషయం ఒకటుంది. కంపెనీ లిఖితంగా చెప్పిన కారణం మార్పు ఒక్కటే. క్లెయిమ్ తిరస్కరించిన లేఖలో లేని కొత్త కారణాన్ని కోర్టులో ఎత్తుకోకూడదని, ఇది కూడా ఇన్సూరెన్స్ కేసుల్లోనే, సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఒక్క లైను మెయిల్‌నే గట్టిగా పట్టుకోండి. మీరు మాత్రం కస్టమర్ కేర్‌కు రాసిన ప్రతి మెయిల్‌లో నల్ల పొగ నుంచి మొదలుపెట్టి మొత్తం కథ చెబుతూ వాళ్లకు కొత్త కారణాలు అందిస్తున్నారు. ఇక ఆపేయండి.

మెయిళ్లు రాస్తూ కూర్చోవడం వల్ల గడువు పెరగదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంఘటన) ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లలో ఫిర్యాదు దాఖలు చేయాలి. తిరస్కరణ తేదీ నుంచి లెక్కేస్తే మీకు 4 నెలలు ఉంది. గ్యారేజీని కూడా ప్రతివాదిగా చేర్చాలంటే, వాల్వ్ బిగించిన రోజు నుంచే లెక్క అని వాళ్లు అంటారు. అలా చూస్తే ఒక్క నెలే మిగిలింది. ముందు వచ్చే తేదీనే చివరి తేదీ అనుకుని నడవండి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, కానీ ‘మెయిల్‌కు జవాబు వస్తుందని ఎదురుచూశాను’ అన్నది ఎప్పుడూ నమ్ముకోదగిన కారణం కాదు.

మీ స్నేహితుడి సలహా గురించి. పాత వాల్వ్ బిగించే ఆలోచన ఈ రోజే మానుకోండి. టర్బో విప్పినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు ఫొటోలు తీసుకునే ఉంటారు, జాబ్ కార్డులో రాసుకునే ఉంటారు. కంపెనీ మెయిల్‌లో మార్పు సంగతి రికార్డయింది. మీ మెయిళ్లలో మీరే ఒప్పుకున్నారు. దాని మీద గ్యారేజీ నుంచి అబద్ధపు కాగితం తెచ్చి అఫిడవిట్‌తో దాఖలు చేస్తే, అది తప్పుడు సాక్ష్యం సృష్టించడమే. కమిషన్ ముందు జరిగేది జ్యుడీషియల్ ప్రొసీడింగే, అంటే కోర్టు విచారణ కిందే లెక్క. భారతీయ న్యాయ సంహిత కింద కేసు ఎదుర్కోవాల్సింది మీరూ, సంతకం పెట్టిన గ్యారేజీ అతనూ. పైగా నిజంతోనే గెలిచే అవకాశం ఉన్న కేసును అబద్ధంతో పాడుచేసుకున్నవారవుతారు. వాల్వ్ పెట్టించానని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి.

అలాగని ‘నా మార్పు చట్టబద్ధం’ అని గొప్పగా రాయొద్దు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. వాల్వ్ ఆ వివరాల్లో లేదు. కానీ సెక్షన్ 182ఏ అనుమతి లేని రెట్రోఫిట్టింగ్‌కు (బండికి తర్వాత వేరే భాగాలు బిగించడానికి) శిక్ష పెడుతుంది, సెక్షన్ 190 శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటితే శిక్ష పెడుతుంది. అవి మీకూ రవాణా శాఖకూ మధ్య విషయాలు. వాటితో వారంటీ తేలదు, మీరై తలకెత్తుకోవద్దు.

ఇక ఫిర్యాదు. తయారీ కంపెనీ, డీలరు, గ్యారేజీ ముగ్గురినీ చేర్చండి. కారుకు చెల్లించిన ధర 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్, అదీ మీరు నివసించే చోటే. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయొచ్చు. ప్రధాన అభ్యర్థన వారంటీ కింద టర్బో మార్చాలని. ప్రత్యామ్నాయంగా, వాల్వ్ వల్లే చెడిందని నిపుణుడు తేల్చితే ఆ నష్టం గ్యారేజీ భరించాలని. ‘ఇది పెడితే ఈసీయూకు ఏం కాదు, వారంటీకి ఏం కాదు’ అని గ్యారేజీ వాళ్లు వాట్సాప్‌లో రాసి ఉంటే ఆ ఫోన్ మార్చొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు. దాన్ని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జత చేయాలి.

ఫిర్యాదుతో పాటే రెండు దరఖాస్తులు వేయండి. ఒకటి, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద టర్బోను తగిన ల్యాబ్ పరీక్షకు పంపాలని, దానితోపాటు ఈసీయూలో నిల్వ ఉన్న తప్పుల కోడ్లనూ తీయించాలని. పరీక్ష ఖర్చు ముందు మీరే కట్టాల్సి రావచ్చు, వెనకాడవద్దు. రెండు, ఈలోపు విడిభాగాలను ఉన్నవి ఉన్నట్టే ఉంచాలని మధ్యంతర ఉత్తర్వు. ఆ ఉత్తర్వు వచ్చేదాకా బండిని బయటికి తేవొద్దు. పార్కింగ్ ఛార్జీలు అడిగితే ‘అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను’ అని రాసి కట్టి రసీదు తీసుకోండి. తప్పనిసరై బండి తీసుకోవాల్సి వస్తే, ప్రతి విడిభాగానికీ ఫొటో, సీరియల్ నంబరు, ఇద్దరి సంతకాలతో జాబితా రాయించుకుని, టర్బోను సంచిలో సీలు వేయించి తెచ్చుకోండి. ఇంటికొచ్చాక కూడా ఆ సీలు విప్పొద్దు.