కోడ్ ఒంటరిగా రాయాలా, కలిసి రాయాలా?

ప్రశ్న: మా టీమ్‌లో నలుగురం. ఎవరి ఫీచర్ వాళ్లం విడి బ్రాంచ్‌లో, అంటే కోడ్‌కి సొంత కాపీలో, రెండు మూడు వారాలు రాసుకుంటాం. చివర్లో అన్నీ కలిపి మెర్జ్ చేసేటప్పుడు తల ప్రాణం తోకకొస్తోంది. ఇకపై అంతా జంటగా కూర్చుని రాయడమే మంచిదా?

జవాబు: అంతా జంటగా అక్కర్లేదండీ. మీ ఇబ్బంది ఒంటరిగా రాయడం వల్ల కాదు, రాసింది వారాల తరబడి కలపకపోవడం వల్ల. మెయిన్‌లో, అంటే అందరి కోడ్ చేరే ప్రధాన బ్రాంచ్‌లో, ఒకరు ఫంక్షన్ పేరు మార్చారనుకోండి. మీరేమో కొత్త ఫైల్లో పాత పేరుతోనే దాన్ని పిలుస్తుంటారు. బ్రాంచ్‌లను కలిపే టూల్ గిట్ పోల్చేది వరుసల్ని, అర్థాన్ని కాదు. అందుకే కాన్‌ఫ్లిక్ట్ (మార్పులు ఢీకొన్నాయన్న హెచ్చరిక) చూపదు, మెర్జ్ సాఫీగా అయిపోతుంది, కోడ్ మాత్రం పనిచేయదు. పైథాన్ లాంటి భాషల్లోనైతే ఆ వరుస నడిచేదాకా తప్పు బయటపడకపోవచ్చు. అసలు భయపడాల్సింది ఇలాంటివాటికే.

రోజూ పని మొదలెట్టగానే మెయిన్‌ని మీ బ్రాంచ్‌లోకి తెచ్చుకుని టెస్టులు నడపండి. బ్రాంచ్ వయసు రెండు రోజులు దాటనివ్వకండి. ఫీచర్ పూర్తికాకపోతే ఫ్లాగ్‌తో (కోడ్‌లో పెట్టే ఆన్/ఆఫ్ స్విచ్‌తో) ఆపి ఉంచి మెర్జ్ చేయండి. పేర్ల మార్పులు, ఫార్మాటింగ్ విడి కమిట్‌గా (గిట్‌లో విడిగా నమోదు చేసిన మార్పుగా) పంపండి. లాజిక్‌తో కలిపేస్తే రివ్యూ చేసేవాళ్లకు అసలు మార్పు కనబడదు.

జంటగా కూర్చోవాల్సింది డేటాబేస్ స్కీమా (డేటా పట్టికల నిర్మాణం), ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి) రూపం, ఎంతకీ దొరకని బగ్ దగ్గర. ఒకరు టైపు చేస్తుంటే మరొకరు తర్వాతి అడుగు ఆలోచించాలి. అరగంటకోసారి కీబోర్డు చేతులు మారాలి, లేదంటే రెండోవాళ్లు ప్రేక్షకులైపోతారు. కొత్త అల్గారిథమ్ తేల్చుకోవడానికి మాత్రం ఒంటరి గంటలే కావాలి. అప్పుడు చాట్ మూసేయండి.