పాత చర్చికి పెట్టే ఖర్చు దండగేనా?

ప్రశ్న: మా చర్చి తాతల నాటిది. ఆదివారం ఆరాధనకు వచ్చేది గుప్పెడు మంది. పైకప్పు బాగుచేయడానికి ఎంతవుతుందో విని గుండె గుభేలుమంది. ఆ డబ్బుతో పేదల కడుపు నింపితే దేవుడు మెచ్చడా? సంఘం మీటింగులో ఈ మాట అన్నందుకు కొందరు నాతో పలకడం మానేశారు.

జవాబు: మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నేనమ్మా. పలకడం మానేసినవాళ్లదే పొరపాటు. కానీ చర్చి ఒకవైపు, ఆకలి ఒకవైపు పెట్టి ఒకటి ఎంచుకోమంటే మాత్రం నేను ఒప్పుకోను. మెదక్ చర్చినే తీసుకోండి. అది కరువు రోజుల్లో లేచిన కట్టడం. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ జనానికి ఆ కట్టడం మీదే పని చూపించి, కూలికి బదులు తిండి పెట్టారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అందులో తొలి ఆరాధన జరగకముందే అది ఎన్నో పొయ్యిలు వెలిగించింది.

లైప్‌జిగ్‌లోని సెయింట్ నికోలస్ చర్చిది మరో కథ. తూర్పు జర్మనీలో నలుగురు కూడి నోరు విప్పే చోటే కరువైన రోజుల్లో, 1982 నుంచి అక్కడ సోమవారం సోమవారం శాంతి ప్రార్థనలు జరిగేవి. దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. 1989 అక్టోబరు 9న ప్రార్థన ముగిశాక దాదాపు 70,000 మంది కొవ్వొత్తులతో వీధుల్లో నడిచారు. సరిగ్గా నెలకు, తూర్పు బెర్లిన్‌నూ పశ్చిమ బెర్లిన్‌నూ విడదీసిన బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఆ నగరంలో అంతమందికి తలుపు తీసి ఉంచిన చోటు ఒకటుండబట్టే అది సాధ్యమైందని నా నమ్మకం.

ఇక మీ చర్చి బీరువాలో పాత రిజిస్టర్లు ఉంటే ముందు వాటిని చెమ్మ తగలని చోటికి మార్చండి. ఇంగ్లండులో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు రాసిపెట్టమని 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్వెల్ ఆజ్ఞ ఇచ్చాడు. 1837లో ప్రభుత్వ నమోదు వచ్చేదాకా, ఫలానా మనిషి పుట్టి బతికాడనడానికి చాలామంది పేదలకు ఆ పుస్తకమే సాక్ష్యం. రాజులకు శాసనాలున్నాయి, కూలివాడికి ఆ ఒక్క వరుసే ఉంది. కప్పు కారితే ముందు తడిసేది అదే.

అయితే మీ మాట నిజమయ్యే సందర్భం ఒకటుంది. కప్పు వేయించాక కూడా వారంలో ఆరు రోజులు తాళం వేసే ఉంచేటట్టయితే, ఆ ఖర్చు నాకూ నచ్చదు. అందుకే వచ్చే మీటింగులో చందా లెక్కకు ముందు ఇంకో ప్రశ్న అడగండి: పిల్లల చదువుకో, ముసలివాళ్ల వైద్యానికో, వరద వస్తే తలదాచుకోవడానికో, చర్చికి రాని ఇరుగుపొరుగుకు ఈ హాలు ఏ రోజున ఇస్తారు? జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించి, పెద్దల చేత సంతకాలు పెట్టించండి.

ప్రశ్న: మా చర్చి గోడలు చెమ్మగిల్లి పెచ్చులూడుతున్నాయి. సిమెంటు పూత కొట్టిస్తే గట్టిపడుతుందని మేస్త్రీ అంటున్నాడు. కానివ్వమంటారా?

జవాబు: దయచేసి ఆపండి! పాత గోడ సున్నంతో కట్టినదైతే దానికి సున్నమే పట్టాలి. సున్నపు పూత లోపలి తేమను మెల్లగా బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. పైకి రెండేళ్లు నున్నగానే కనిపిస్తుంది, వెనక ఇటుక పొడైపోతూ ఉంటుంది. ముందు కప్పు అంచులు, వాన గొట్టాలు, గోడ మొదట్లో నీళ్లు నిలిచే చోటు చూడండి. చెమ్మ ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. నీటి దారి సరిచేసి, గోడను ఒక ఎండాకాలం ఆరనిచ్చాక, డంగు సున్నం పని చేతికి వచ్చిన మనిషిని పిలవండి.