కౌంటర్లు సున్నా నుంచి మొదలైతలేవు, ఏం చేయాలె?

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ, బీటెక్ మూడో సంవత్సరం. ప్రాజెక్ట్ కోసం లైనక్స్ కెర్నెల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు గుండె) చిన్న ప్రొఫైలింగ్ మాడ్యూల్, అంటే ఏ కోడ్ ఎంత నడుస్తున్నదో లెక్కపెట్టే ముక్క రాస్తున్న. టైమర్ కొట్టినప్పుడల్లా సీపీయూ కెర్నెల్‌ల ఏ అడ్రస్ దగ్గర ఉన్నదో చూసి ఆ అడ్రస్ కౌంటర్ ఒకటి పెంచుతది, ప్రాక్ ఫైల్ (కెర్నెల్ లోపలి సమాచారం చూపెట్టే ఫైల్) చదివితే కౌంట్లు కనపడతయి. 32 బైట్ల కోడ్‌కి ఒక కౌంటర్ పెడితే అంతా కరెక్ట్, 4 బైట్లకు ఒకటి పెడితే మాత్రం మాడ్యూల్ ఎక్కించిన వెంటనే ఎన్నడూ నడవని ఫంక్షన్లకు కూడా కోట్లల్ల కౌంట్లు వస్తున్నయి. బఫర్ (కౌంటర్లు పెట్టే మెమొరీ) కోసం ముందు కేజాలాక్ అడుగుతున్న, అది ఫెయిలయితే వీమాలాక్, రెండూ కెర్నెల్‌ల మెమొరీ ఇచ్చే ఫంక్షన్లే. నాది సొంతంగ బిల్డ్ చేసిన కెర్నెల్, మా ఫ్రెండ్ లాప్‌టాప్‌ల ఉబుంటు, అండ్ల ఈ లొల్లే లేదు. కేసాన్ (కెర్నెల్‌ల మెమొరీ తప్పులు పట్టే టూల్) పెట్టి చూసిన, ఒక్క వార్నింగ్ రాలే. ఇప్పటికైతే మొదటి రీడింగ్ దాచి పెట్టుకొని తర్వాతి రీడింగ్‌లకెళ్లి మైనస్ చేస్తున్న, లెక్క సరిగ్గానే వస్తున్నది. ఇట్లనే సబ్మిట్ చేయొచ్చా?

జవాబు: వద్దు తమ్మీ, ఇట్ల సబ్మిట్ చేయకు. ఎందుకో చెప్త.

ముందు సైజు లెక్క చూడు. నీ కెర్నెల్ కోడ్ భాగం సుమారు 16 ఎంబీ అనుకుందాం. 32 బైట్లకు ఒక కౌంటర్ అంటే 5 లక్షల చిల్లర కౌంటర్లు, ఒక్కోటి 4 బైట్లు, బఫర్ 2 ఎంబీ. అదే 4 బైట్లకు ఒకటి పెడితే బఫర్ 16 ఎంబీ అయితది. మామూలు ఎక్స్86 మెషిన్ మీద కేమాలాక్ గానీ కేజాలాక్ గానీ ఒక్కసారికి ఇచ్చేది ఎక్కువల ఎక్కువ 4 ఎంబీ, అది కూడా పక్కపక్కన ఖాళీ పేజీలు (మెమొరీ ముక్కలు) దొరికితేనే. అందుకే పెద్ద బఫర్ అడిగినప్పుడు నీ కోడ్ వీమాలాక్ దిక్కు పోతున్నది. కేజాలాక్ మెమొరీని సున్నా చేసి ఇస్తది, వీమాలాక్ అట్ల చేయది, అంతకుముందు వాడినోళ్ల డేటా ఎట్లున్నదో అట్లనే చేతిల పెడతది. ఎనుమాముల మార్కెట్ల కాంటా సున్నా మీద ఉన్నదా లేదా చూడకుండ మిర్చి బస్తా ఎక్కించినట్టు అయింది నీ పని.

లైనక్స్‌ల ఎప్పటినుంచో ఉన్న ప్రొఫైలర్‌ల, అదే బూట్ లైన్ల (కెర్నెల్ మొదలైతున్నప్పుడు ఇచ్చే ఆప్షన్ల లైన్) ప్రొఫైల్ అని ఇచ్చి రీడ్‌ప్రొఫైల్ కమాండ్‌తోని చూస్తరు గదా, దాంట్ల కూడా ఒకప్పుడు ఇదే బగ్ ఉండె. మొదటి దారి సున్నా చేసి ఇచ్చేది, అది ఫెయిలయితే పోయే దారులు సున్నా చేసి ఇయ్యకపోయేవి. ఇప్పుడు ఆ సోర్స్ ఫైల్ తెరిచి చూడు, మొదట కేజాలాక్, తర్వాత అలాక్ పేజెస్ ఎగ్జాక్ట్‌కి జీరో ఫ్లాగ్ పెట్టి, చివరకు వీజాలాక్, మూడు దారులల్ల ఎటు పోయినా సున్నాలే వస్తయి. ఇంకొకటి, రీడ్‌ప్రొఫైల్‌కి ఆర్ ఆప్షన్ ఇస్తే కౌంటర్లన్నీ రీసెట్ అయితయి, కొలత మొదలుపెట్టే ముందు రీసెట్ కొట్టే అలవాటున్నోళ్లకు ఇసొంటి బగ్ కనపడే చాన్సే లేదు.

ఇగ నీ మైనస్ సంగతి. ఆ కోట్ల అంకెలు ఊరికే వచ్చిన చెత్త కాదు, అవి ఎవరి మెమొరీనో. ఏదో ఫైల్ ముక్క కావచ్చు, ఎవరో కొట్టిన పాస్‌వర్డ్ కావచ్చు, కెర్నెల్ పాయింటర్లు (మెమొరీ అడ్రస్‌లు) కావచ్చు, నీ ప్రాక్ ఫైల్ వాటిని నాలుగేసి బైట్లు అంకెలుగ మార్చి బయట పెడుతున్నది. మైనస్ చేయాలంటే ముందు వాటిని చదవాలె గదా, చదివినవంటే అప్పటికే ఆ డేటా కెర్నెల్ దాటి వచ్చింది. ఫైల్‌కి అందరికీ చదివే పర్మిషన్ ఉంటే ఆ మెషిన్‌ల లాగిన్ ఉన్న ఎవరైనా 16 ఎంబీ పాత మెమొరీ చదువుకోవచ్చు. తప్పు లెక్క కంటే ఇది చానా పెద్ద తప్పు, నా మాట ఇను, దీన్ని సెక్యూరిటీ బగ్ లెక్కనే చూడు.

సరిచేసుడు మాత్రం సులువే. రెండు అలకేషన్లు తీసేసి కేవీజాలాక్ ఒక్కటి పిలువు, 2017ల వచ్చిన 4.12 కెర్నెల్ నుంచి ఉన్నది, లోపల ఏ దారిల పోయినా సున్నా చేసే ఇస్తది. విడిచేటప్పుడు కేవీఫ్రీ వాడు, వీమాలాక్ మెమొరీని కేఫ్రీకి ఇస్తే ఇంకో బగ్ తెచ్చుకున్నట్టే. మాడ్యూల్ తీసేటప్పుడు అన్ని సీపీయూల మీద టైమర్ ఆగినంకనే బఫర్ విడువు, లేకపోతే విడిచిన మెమొరీల పోయి కౌంటర్ పెంచుతది. ప్రాక్ ఫైల్ పర్మిషన్ కూడా 0400 పెట్టు, అంటే ఓనర్ ఒక్కరే చదవాలె.

ఫ్రెండ్ మెషిన్‌ల కూడా బగ్ ఉన్నది, కనపడ్తలేదు అంతే. 2019ల వచ్చిన 5.3 నుంచి ఇనిట్ ఆన్ అలాక్ అని ఒక ఆప్షన్ ఉన్నది, అది ఆన్ ఉంటే కెర్నెల్ ఇచ్చే మెమొరీ అంతా సున్నా చేసే వస్తది, ఉబుంటు కెర్నెల్‌ల అది ముందే ఆన్ ఉంటది, నువ్వు సొంతంగ బిల్డ్ చేసిన దాంట్ల ఆన్ చేసి ఉండవు. కేసాన్ పట్టేది హద్దు దాటి రాసుడు, విడిచినంక వాడుడు, సున్నా చేయని మెమొరీ చదివితే అది పట్టది. దానికి కేఎంసాన్ వేరే ఉన్నది, 6.1 కెర్నెల్‌ల వచ్చింది, క్లాంగ్ కంపైలర్‌తోని బిల్డ్ చేయాలె, మెమొరీ బాగా తింటది. లాప్‌టాప్ చిన్నదైతే కెర్నెల్‌ల పేజ్ పాయిజనింగ్ పెట్టి బిల్డ్ చేసి, బూట్ లైన్ల పేజ్ పాయిజన్ 1 అని ఇయ్యి. విడిచిన ప్రతి పేజీని ఏఏ అనే హెక్స్ బైట్‌తోని నింపుతది. పాత కోడ్ ఎక్కించి చదువు, కౌంటర్లల్ల 2863311530 (నాలుగు ఏఏ బైట్లు కలిస్తే వచ్చే అంకె) కనపడితే, లేదా మైనస్ గుర్తు పడేటట్టు ప్రింట్ చేస్తుంటే -1431655766 కనపడితే, అది సున్నా చేయని పేజీ అని రుజువైనట్టే. మార్చిన కోడ్‌తోని మళ్ళ చదువు, టైమర్ మొదలు కాకముందు అన్నీ సున్నాలే రావాలె. ఈ రెండు రీడింగులు ప్రాజెక్ట్ రిపోర్ట్‌ల పెట్టు.

ప్రశ్న: మామూలు సీ ప్రోగ్రామ్‌ల మాలాక్‌తోని మెమొరీ అడిగితే నాకెప్పుడూ సున్నాలే వస్తయి, మరి సున్నా చేసి ఇచ్చే కాలాక్ ఎందుకు? - ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కెర్నెల్ మీ ప్రోగ్రామ్‌కి కొత్త పేజీ ఇచ్చేటప్పుడు సున్నా చేసే ఇస్తది, ఒకరి డేటా ఇంకొకరికి పోవద్దని. చిన్న ప్రోగ్రామ్‌లల్ల ఎక్కువ కొత్త పేజీలే వస్తయి కాబట్టి మీకు అట్ల కనపడుతున్నది. మీరు ఒకసారి ఫ్రీ చేసిన ముక్కనే మాలాక్ మళ్ళ ఇచ్చిందంటే అండ్ల మీ పాత డేటానే ఉంటది. లెక్క సున్నా నుంచి మొదలు కావాలంటే కాలాకే వాడండి.