జూన్‌లో అమ్మానాన్నలకి బ్రిటన్ కోటలు, పాత భవంతులు, తోటలు చూపించాలంటే

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం, జూన్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, ఏ కార్డు తీసుకోవాలి, ఎక్కడికి తీసుకెళ్ళాలి అని అడిగారు కదా.

కార్డు కొనేముందు ఆ చోటు ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. నేషనల్ ట్రస్టు, ఇంగ్లిష్ హెరిటేజ్ అనేవి పాత కట్టడాలని చూసుకునే రెండు వేరు వేరు సంస్థలు. ట్రస్టు కార్డు ఇంగ్లిష్ హెరిటేజ్ కోటల్లో పనికిరాదు, వాళ్ళ కార్డు వీళ్ళ దగ్గర చెల్లదు. వారిక్ కోట ఈ రెండిటిదీ కాదు, ఛాట్స్‌వర్త్, బ్లెనిమ్ భవంతులు కూడా కావు. వాటికి విడిగా టికెట్టు కొనాల్సిందే. ట్రస్టు సభ్యత్వం ఏడాదికి ఉంటుంది, డైరెక్ట్ డెబిట్ (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు వెళ్ళే ఏర్పాటు) పెడితే రద్దు చేసుకునేదాకా దానంతటదే కొనసాగుతుంది. మీ కార్డు మీద మీ అమ్మానాన్నలని లోపలికి పంపరు. ఏడాదిలో ఐదారు చోట్లకి వెళ్తారనుకుంటే మీకు సభ్యత్వం తీసుకుని, పెద్దవాళ్ళకి విడి టికెట్లు కొనండి. ఆ టికెట్లు కొనేటప్పుడు గిఫ్ట్ ఎయిడ్ కలిపిన ధర ఎంచుకోకండి. అందులో కొంత విరాళం ఉంటుంది, పైగా అది ఆ డబ్బు మీద పన్నుని సంస్థ ప్రభుత్వం నుంచి రాబట్టుకునేందుకు ఇక్కడ పన్ను కట్టేవాళ్ళు చేసే ప్రకటన. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి వర్తించదు. నాన్నగారికి చెయ్యిపట్టుకుని నడిపించే మనిషి తప్పనిసరి అయితే, ఆ తోడు మనిషికి ట్రస్టు ప్రవేశ రుసుము తీసుకోదు. గేటు దగ్గర ముందే చెప్పండి.

మొదటి రోజుకి బ్యాడెస్లీ క్లింటన్, ప్యాక్‌వుడ్ అనే పాత ఇళ్ళు పెట్టుకోండి. రెండూ ట్రస్టువే, మధ్య దూరం రెండు మైళ్ళు. మామూలుగా రోజుకి ఒక్క ఇల్లే చూడమంటాను, ఇవి చిన్నవి కాబట్టి జంటగా కుదురుతాయి. బ్యాడెస్లీ చుట్టూ నీటి కందకం ఉంటుంది. కేథలిక్ పూజారులని పట్టుకుని చంపుతున్న రోజుల్లో, 1591లో, సోదా చెయ్యడానికి మనుషులు వస్తే కొందరు పూజారులు ఇంటి కింది పాత మురుగు కాలువలో నీళ్ళలో నిలబడి దాక్కున్నారు. వంటగది వైపు ఆ చోటు చూపిస్తారు. అది కింది అంతస్తే కాబట్టి నాన్నగారు కూడా చూడొచ్చు. ప్యాక్‌వుడ్‌లో చూడాల్సినవి ఆకారాలుగా కత్తిరించి పెంచిన యూ (yew) అనే చెట్లు. అక్కడ నేల బంకమట్టి. జనం తొక్కి మట్టి గట్టిపడినా, నీరు నిలిచినా వేళ్ళు దెబ్బతింటాయి. అందుకే తడి రోజుల్లో కొన్ని దారులు మూస్తుంటారు, తాడు కట్టి ఉంటే దాటకండి.

ఎండ కాసే రోజుని కెనిల్‌వర్త్ కోటకి దాచుకోండి. ఇది ఇంగ్లిష్ హెరిటేజ్‌ది, ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే ధర తగ్గుతుంది. 1575లో మొదటి ఎలిజబెత్ రాణి ఇక్కడ పంతొమ్మిది రోజులు విడిది చేసింది. రాజుకీ పార్లమెంటుకీ జరిగిన అంతర్యుద్ధం తర్వాత, 1649లో, పార్లమెంటు దీన్ని పడగొట్టించింది. అందుకే చాలా భాగానికి పైకప్పు లేదు, వాన వస్తే తలదాచుకునే చోటు తక్కువ. తడిసిన రాతిమెట్లు బాగా జారతాయి. అమ్మగారు చెప్పులతో కాకుండా పట్టున్న బూట్లతో రావాలి. రాణి కోసం వేసిన తోటని నాటి ఒక ఉత్తరంలోని వర్ణన ఆధారంగా 2009లో మళ్ళీ పెంచారు. నాన్నగారికి బురుజుల కంటే ఇదే మేలు.

మూడోది వేల్స్‌లోని పొవిస్ కోట. ఇది మాత్రం వదులుకోవద్దని గట్టిగా చెబుతాను. మన శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు ప్రాంతాలున్న ఉత్తర సర్కార్లకి 1765లో మొగల్ చక్రవర్తి దగ్గర ఈస్టిండియా కంపెనీ తరఫున ఫర్మానా రాయించుకున్న రాబర్ట్ క్లైవ్ కుటుంబం సేకరణ ఇక్కడుంది. కొడుకు ఎడ్వర్డ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు, 1799లో టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం కంపెనీ చేతికి చిక్కింది అతని కాలంలోనే. టిప్పు సింహాసనం మీది బంగారు పులి తల, టిప్పు గుడారం ఇక్కడికి చేరింది అలాగే. ఆ గుడారం అద్దకం నూలు గుడ్డ. ఒక్కో పలకలో తోరణం, దాని కింద కుండీ, కుండీలోంచి రెండు వైపులా సరిసమానంగా విచ్చుకున్న పూలతీగలు. కలంకారీ చూసి పెరిగిన కళ్ళకి ఈ పనితనం కొత్తగా ఉండదు. వస్తువులు మార్చి పెడుతుంటారు కాబట్టి గుడారం ప్రదర్శనలో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

పాత బట్టలున్న గదుల్లో వెలుగు సుమారు 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుగు కొలత) మించనివ్వరు, లేకపోతే రంగులు వెలిసిపోతాయి, పోయిన రంగు తిరిగి రాదు. లోపలికి వెళ్ళగానే ఏమీ కనిపించట్లేదని తిరిగి వచ్చేయకండి. ఐదు నిమిషాలు ఆగితే కళ్ళు అలవాటు పడతాయి. ఫోన్ టార్చ్, ఫ్లాష్ వాడకూడదు. గదుల్లో ఉండే వాలంటీర్లని అడగండి, బోర్డు మీద లేని సంగతులు చాలా చెబుతారు.

పొవిస్ తోట నిటారైన వాలు మీద అంచెలంచెలుగా దిగుతుంది. దిగడం తేలికే, ఎక్కిరావడమే మోకాళ్ళకి కష్టం. నాన్నగారు పై అంచెలో బల్ల మీద కూర్చున్నా యూ కంచెలు, లోయ కనిపిస్తాయి. తోట ముందు తెరుస్తారు, ఇల్లు, అంటే కోట లోపలి గదులు, ఆలస్యంగా తెరిచి త్వరగా మూస్తారు. కాబట్టి ఇల్లు తెరవగానే అది చూసేసి, తర్వాత తోటలోకి వెళ్ళండి. పులిహోర కట్టుకుని వెళ్ళొచ్చు, కాకపోతే గదుల్లో తినకూడదు, పచ్చిక మీదే. పెద్ద సంచులు గదుల్లోకి రానివ్వకపోవచ్చు.

కారులో వెళ్తే, పోస్ట్‌కోడ్ ఒక్కోసారి వెనక గేటుకి తీసుకెళ్తుంది, దగ్గరికి వచ్చాక సందర్శకులకి దారి చూపే గోధుమరంగు బోర్డులు చూసుకుని వెళ్ళండి. రైలు అయితే బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ స్టేషన్ నుంచి పొవిస్ దగ్గరి ఊరు వెల్ష్‌పూల్‌కి గంటన్నర. స్టేషన్ నుంచి కోటకి మైలు పైనే, ఎత్తుకి నడవాలి, నాన్నగారి కోసం టాక్సీ ముందే మాట్లాడుకోండి. తిరుగు రైళ్ళు సాధారణంగా రెండు గంటలకి ఒకటి, అందుకని దిగగానే తిరుగు రైలు వేళ చూసుకుని, దాన్నిబట్టి టాక్సీని రమ్మనండి.