ఇండోర్ వీధులు నిజంగానే అంత శుభ్రంగా ఉంటాయా? ఊడ్చేవాళ్ళు ఎక్కువమంది ఉండటం వల్లేనా?

ఉంటాయి. ఊడుస్తారు కూడా, రాత్రిళ్ళు యంత్రాలతో సహా. కానీ అక్కడ మా అన్నయ్య వాళ్ళింట్లో ఉండి చూసినంతలో అసలు కిటుకు ఊడ్చడంలో లేదు. చెత్తను రోడ్డు మీద పడనివ్వరు.

పొద్దున్నే బండి పాట పెట్టుకుని వస్తుంది. దానికి ఆరు అరలు: తడి చెత్త, పొడి చెత్త, ప్లాస్టిక్, డైపర్లు ప్యాడ్లు, ట్యూబులైట్ల లాంటి ప్రమాదకరమైనవి, పాడైపోయిన ఎలక్ట్రానిక్ సామాను. ఒకరోజు ఎదురింటావిడ పొడి చెత్తలో టీపొడి పిప్పి కలిపి ఇచ్చింది. బండితో వచ్చిన అమ్మాయి సంచి విప్పి చూసి, "వేరు చేసి ఇవ్వండి" అని తిరిగి చేతిలో పెట్టింది. ఆవిడ విసుక్కోకుండా గేటు దగ్గరే కూర్చుని వేరు చేసింది. ఆ ఊళ్ళో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఆ పట్టుదలకు కారణం ఉంది. ఇండోర్ శివారు దేవ్‌గురాడియాలో తడి చెత్తతో బయో సీఎన్‌జీ (బండ్లకు వాడే గ్యాసు) తీసే ప్లాంటు 2022 ఫిబ్రవరిలో మొదలైంది. సామర్థ్యం రోజుకు 550 టన్నులు. ఆ గ్యాసుతో సిటీ బస్సులు నడుస్తాయి. తడి చెత్తలో ప్లాస్టిక్ కలిస్తే అక్కడ పని దెబ్బతింటుంది.

వీధుల్లో పెద్ద చెత్త కుండీలు తీసేశారు. కుండీ ఉంటే చుట్టూ ఆవులు, కుక్కలు, చెల్లాచెదురైన సంచులు... మనకు తెలిసిందే కదా. బండి రోజూ తప్పకుండా వస్తుందన్న నమ్మకం కుదిరితేనే అది సాధ్యం.

సరాఫా బజారుకి తప్పకుండా వెళ్ళండి. పగలు బంగారం కొట్లు, రాత్రి తిండి బజారు. గరాడు (వేయించిన కందగడ్డ లాంటి దుంప ముక్కలు) తిని దొన్నె ఎక్కడ పడేయాలా అని చూస్తే పక్కనే డబ్బా కనిపిస్తుంది.

2017 నుంచి 2023 దాకా కేంద్రం పరిశుభ్రతకు ఊళ్ళకిచ్చే ర్యాంకుల్లో, అంటే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో, వరసగా ఏడుసార్లు ఇండోర్‌దే మొదటి స్థానం (చివరిసారి సూరత్‌తో కలిసి). అది ఊరికే రాలేదు.

మా కాలనీలో మేమూ రెండు డబ్బాల్లో వేరు చేసే ఇస్తాం. చెత్త ఆటోలో రెండూ ఒకేచోట కుమ్మరిస్తారు. ఇక ఎవరికి మాత్రం వేరు చేయబుద్ధవుతుంది? అందుకే మా వార్డులో కొత్త డబ్బాలు పంచుతామని వస్తే, ముందు ఆటోలో అరలు పెట్టించమని అడుగుతున్నాం. మీరూ అదే అడగండి.