మావాడు రాత్రంతా ఆ డబ్బాతోనే ఉంటున్నాడు, ఇది చదువేనా అండీ?

పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒక తండ్రి రాశారు. కొబ్బరి వ్యాపారం. అబ్బాయి భీమవరంలో ఈసీఈ మూడో ఏడాది. సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న కంప్యూటర్ కొని, పీఎఫ్‌సెన్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇంటి నెట్‌కి ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటికి కాపలా) చేసుకున్నాడు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న వాళ్ళన్నయ్య గదికీ ఇంటికీ మధ్య ఓపెన్‌వీపీఎన్ పెట్టాడు, అంటే నెట్ మీదుగానే రెండు చోట్లనీ కలిపే రహస్య దారి (వీపీఎన్). రెండు చోట్లా నెట్ 100 ఎంబీపీఎస్, వీపీఎన్‌లో మాత్రం 30 దాటట్లేదట. కొత్త బాక్స్‌కి పదిహేను వేలు కావాలంటున్నాడు. ఈలోగా ఒక సబ్జెక్టు తప్పాడు. "తోటి పిల్లలంతా జావా నేర్చుకుంటున్నారు, వీడేమో దీంతోనే. డబ్బులివ్వమంటారా, మానిపించమంటారా?" అని అడిగారు.

మానిపించకండి. డబ్బులు కూడా ఇప్పుడే ఇవ్వకండి.

వాడు తంటాలు పడుతున్నది దేనితోనో ముందు మీకు తెలియాలి. కాలవ నిండా నీళ్ళు పారుతున్నా మీ చేనికి అందేది తూము ఎంతుంటే అంతే కదా, ఇక్కడా అంతే. నెట్ లైను కాలవ. వీపీఎన్‌లో వెళ్ళే ప్రతి ప్యాకెట్‌నీ (సమాచారపు చిన్న ముక్కనీ) ఆ డబ్బాలోని ప్రాసెసర్ రహస్య లిపిలోకి మార్చి పంపాలి, వచ్చినదాన్ని విప్పాలి, కాబట్టి తూము ఆ ప్రాసెసర్. ఏఈఎస్ అనే ఆ లిపి 2001లో అమెరికాలో ప్రమాణంగా వచ్చింది. దాని లెక్కలు ప్రాసెసర్‌కి బాగా బరువు, అందుకే ఇంటెల్ వాళ్ళు 2010 నుంచి కొన్ని చిప్‌లలో ఆ పని కోసమే ఆరు ప్రత్యేక ఆదేశాలు పెట్టారు, దాన్నే ఏఈఎస్-ఎన్ఐ అంటారు. మీరు పంపిన ఫొటోలో కనిపిస్తున్న ఆటమ్ డీ525 ప్రాసెసర్ కూడా 2010 నాటిదే, కానీ అందులో అది లేదు. అంటే మొత్తం భారం సాఫ్ట్‌వేర్ మీదే పడుతోంది. అంతవరకు మీవాడి అనుమానం సబబే.

అనుమానం సబబైనంత మాత్రాన పదిహేను వేలు పెట్టేయక్కర్లేదు. నేను ఈ సలహాల పనిలోకి రాకముందు చాలా ఏళ్ళు నెట్‌వర్క్ సపోర్ట్‌లో ఉన్నాను, అక్కడ నేను చూసిన పెద్ద జబ్బు ఇదే, కొలవకుండా కొత్తది కొనేయడం. 2017లో పీఎఫ్‌సెన్స్ వాళ్ళే 2.5 వెర్షన్ నుంచి ఏఈఎస్-ఎన్ఐ తప్పనిసరి అని ప్రకటించి, ఆ తర్వాత ఆ షరతు వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రకటన చూసి కంగారుపడి పెట్టెలు మార్చినవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

ఇక ఈ భాగం అబ్బాయికి చదివించండి. బాబూ, ముందు వీపీఎన్ తీసేసి రెండు చివరలకీ మధ్య ఐపెర్ఫ్ అనే వేగం కొలిచే ప్రోగ్రామ్‌తో కొలువు. మీ అన్నయ్య గదిలో అప్‌లోడ్ 30 మాత్రమే ఉంటే ఏ ప్రాసెసర్ కొన్నా అటు నుంచి వచ్చేది 30కి మించదు. తర్వాత వీపీఎన్ పెట్టి కొలుస్తూ, పక్క విండోలో టాప్ అనే కమాండ్ తెరిచి ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్ ఎంత పనిచేస్తోందో చూడు. ఒక కోర్ నూటికి నూరు శాతం నిండిపోయి రెండోది ఖాళీగా కూర్చుంటే ఆశ్చర్యపోకు, మామూలు ఓపెన్‌వీపీఎన్ ఒక టన్నెల్‌కి (ఒక వీపీఎన్ దారికి) ఒకే కోర్ వాడుతుంది. రహస్య లిపి లెక్కల వేగం కొలిచే ఓపెన్ఎస్ఎస్ఎల్ స్పీడ్ పరీక్ష ఆ డబ్బాలోనూ నీ లాప్‌టాప్‌లోనూ రెండింటిలో పెట్టు, ఈవీపీ ఆప్షన్ ఇవ్వడం మర్చిపోకు, అది లేకపోతే పాత వెర్షన్లలో ఏఈఎస్-ఎన్ఐ ఉన్నా లెక్కలోకి రాదు. ఫలితంలో 16 బైట్ల గడి కాదు, 1024 బైట్ల గడి చూడు, నీ ప్యాకెట్ల సైజుకి దగ్గరగా ఉండేది అదే. పైగా అక్కడ వచ్చేది బైట్లలో, మీ ప్లాన్ వేగం బిట్లలో, ఎనిమిదితో గుణించకుండా పోల్చి చాలామంది పప్పులో కాలేస్తారు.

ఆ తర్వాత అదే డబ్బాలో వైర్‌గార్డ్ అనే ఇంకో వీపీఎన్ వేసి చూడు. అది వాడేది ఏఈఎస్ కాదు, చాచా20 అనే వేరే లిపి, ప్రత్యేక ఆదేశాలేవీ లేని ప్రాసెసర్లలో కూడా సాఫ్ట్‌వేర్‌తోనే వేగంగా నడుస్తుంది. పైసా ఖర్చు లేదు. దానితో వేగం బాగా పెరిగితే నువ్వు అడిగిన పదిహేను వేలకి జవాబు దొరికినట్టే.

ఇంకొకటి, ఆ డబ్బాలో ఉన్నవి రియల్‌టెక్ కంపెనీ లాన్ పోర్టులు (నెట్ తీగ తగిలించేవి). పీఎఫ్‌సెన్స్ నడిచేది ఫ్రీబీఎస్డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, అక్కడ రియల్‌టెక్ చిప్‌లు లోడ్ పెరిగినప్పుడు లింకు తెగి మళ్ళీ కలవడం చాలామంది ఎదుర్కొన్న బాధ. ముందు లాగ్ చూడు. అలా తెగుతుంటే రియల్‌టెక్ వాళ్ళ సొంత డ్రైవర్ వేసి చూడొచ్చు. ఎప్పుడైనా కొత్త బాక్స్ కొన్నా, ప్రాసెసర్ కంటే ముందు లాన్ చిప్ పేరు రాసుకుని, నీ వెర్షన్ దానికి సపోర్ట్ ఇస్తోందో లేదో చూశాకే డబ్బు కట్టు.

అయ్యా, మళ్ళీ మీతో. ఇప్పుడు పైన చెప్పినవన్నీ నెట్‌వర్క్ సెక్యూరిటీ సపోర్ట్ ఇంజనీరూ, రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) రాసేవాళ్ళూ, పెర్ఫార్మెన్స్ టెస్టింగ్ చేసేవాళ్ళూ రోజూ చేసే పనే. ఇంటర్వ్యూలో "30 దగ్గర ఎందుకు ఆగింది, ఎలా కనిపెట్టావు" అని అడిగితే కొలతలు చూపించి చెప్పగలిగిన కుర్రాడు, పది సర్టిఫికెట్ల పేర్లు చదివే కుర్రాడి కంటే నాకు ముందు నిలుస్తాడు. ఈసీఈ కాబట్టి ఇంకో దారి కూడా ఉంది: ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఏఈఎస్‌ని వెరిలాగ్ అనే చిప్ డిజైన్ భాషలో రాసి ఎఫ్‌పీజీఏ బోర్డు (మన డిజైన్ ఎక్కించుకోగల చిప్ ఉన్న బోర్డు) మీద నడిపి, సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూపించమనండి, అది చిప్ డిజైన్ వైపు తలుపు. బీటెక్ అయ్యాక కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌లో ఆరు నెలల పీజీ డిప్లొమాలు ఉన్నాయి, సెక్యూరిటీ వైపు డీఐటీఐఎస్ఎస్, ఎంబెడెడ్ వైపు డీఈఎస్డీ, రెంటికీ సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. జావా రాకపోయినా ఫర్వాలేదు కానీ సీ భాష, లినక్స్, నెట్‌వర్క్ నడిచే పద్ధతి టీసీపీ-ఐపీ గట్టిగా రావాలి.

తప్పిన సబ్జెక్టు విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ పక్షమే. క్యాంపస్‌కి వచ్చే చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉన్నవాళ్ళని పరీక్షకే కూర్చోనివ్వవు, అక్కడ ఈ ఫైర్‌వాల్ గురించి చెప్పుకునే అవకాశమే రాదు. అందుకని సప్లిమెంటరీ రాసేదాకా రాత్రి పదకొండుకి డబ్బా వదిలేసి పుస్తకం తీయాలని ఒప్పందం చేసుకోండి, శని ఆదివారాలు వాడివే.

కొలతలన్నీ రెండు పేజీల్లో రాసి మీ ముందు పెట్టమనండి, మీకు అర్థమయ్యే తెలుగులో. అది చదివాక కూడా కొత్త బాక్స్ కావాల్సిందే అని మీకనిపిస్తే, అప్పుడు కొనివ్వండి.